కాడుళ్ళి గడ్డ

పైన ఆమె నడుస్తోంది. డాబా మీద ఆ మూల నుంచి ఈ మూలకు, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ వెనక్కి. మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు డాబా మీద పిట్ట కూడా వాలదు, ఈ మనిషికి అక్కడేం పని, అని చన్నబసప్ప మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పును చూస్తున్నాడు. కరెంటు పోయి చాలాసేపయింది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ చప్పుడులో ఆమె అడుగులు కలిసిపోతాయి. ఇవాళ ఆగిపోయింది గనక వినపడుతున్నాయి. అంటే రోజూ ఈ వేళకు ఆమె అక్కడే ఉంటోందేమో, తను నిద్రపోతున్నాడని నమ్మకం కుదిరాకే మెట్లెక్కుతోందేమో. నాలుగు కాగానే కిందికి దిగుతుంది. చేతులు కడుక్కుంటుంది. వంటింట్లో ఏదో కలుపుతుంది. స్టీలు గ్లాసులో రాగిజావ తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెడుతుంది. చేతులు కడుక్కోవడం, అదే అతనికి మింగుడు పడని సంగతి. ఒకసారి కాదు, సబ్బు పెట్టి రెండుసార్లు, మూడుసార్లు, మోచేతుల దాకా. ముప్పై మూడేళ్ల కాపురంలో కంది పొట్టు అంటుకున్న చేతులతోనే పిండి కలిపి రొట్టె చేసిన మనిషి కల్లమ్మ. ఆ చేతులకు ఇప్పుడు ఏం అంటుకుంటోందని అంత కడుగుడు?

నాడి పట్టుకున్నాడు. బొటనవేలి కింద ఒక దెబ్బ, ఆగడం, ఇంకో దెబ్బ. ఆ ఆగడం నిన్నటికంటే పొడుగ్గా ఉందా? మాఘంలో గుండెనొప్పి వచ్చినప్పుడు పట్నం దవాఖానలో తొడలోంచి తీగ పంపి ఏదో బిగించారు, పూటకు ఇన్ని అని గోలీలు రాశారు, దుకాణం వైపు చూడొద్దన్నారు, మెట్లు ఎక్కొద్దన్నారు. అప్పట్నుంచి ఇంటి ముందరి గదిలో కందుల దుకాణం షట్టరు దించే ఉంది, వెనక గదిలో అతనూ ఈ మంచమూ. మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. ఈ పది రోజుల నుంచే నోరు చేదు, అన్నం వాసనకు కడుపులో దేవినట్టు ఉండటం, లేచి నిలబడితే కళ్ల ముందు పసుపు మచ్చలు. పది రోజుల నుంచి. పది రోజుల కింద ఏం మారింది? డాబా మీద ఆమె పెంచుకునే కాడుళ్ళి గడ్డలకు మొగ్గ వేసింది, అంతే. ఇంకేం మారలేదు. ఈ సంగతి తట్టిన దగ్గర్నుంచి అతనికి నిద్ర నిద్రలా లేదు.

ఫకీర్ మియా అనకపోయి ఉంటే తట్టేది కాదు. పక్కింటాయనే. దవాఖానలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి దిగిపోయాడు, ప్రతి శుక్రవారం నమాజు చదివి వస్తూ బీపీ చూసి పోతాడు. పోయిన శుక్రవారం కల్లమ్మే ఆయన్ను పైకి పిలుచుకుపోయి పూలు చూపించింది. దిగి వచ్చి, చెమట తుడుచుకుంటూ, పట్టీ చేతికి చుడుతూ అన్నాడు: "ఏంది చన్నబసప్పా, గా జంగ్లీ ప్యాజ్ ఇంట్ల ఎందుకు పెట్టిండ్రు? పూవు మంచిగనే ఉంటది గని గడ్డ మొత్తం జహర్. మా అబ్బా ఎలుకలకు పెడ్తుండె. దిల్ ఒక్కపారి బంద్." అని నవ్వాడు. చన్నబసప్ప కూడా నవ్వాడు. ఆ రోజు బీపీ ఎక్కువ చూపించింది. విషమని తెలిసిన మనిషే అయితే ఇంకొకరిని పిలిచి చూపిస్తుందా అని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ వెంటనే, చూపిస్తుంది, అట్లా చూపిస్తేనే రేపు ఎవరికీ అనుమానం రాదు, అని ఇంకో గొంతు చెప్పింది. ఆ రెండో గొంతు తనదే. గంజిలో, ఆ ధాన్యం మార్కెట్లో, పాతికేళ్లు బేరం చేసి, బస్తాలో పైన మంచి కందులు పోసి కింద పుచ్చువి పోసే వాళ్లను ముఖం చూసి పట్టుకున్న మనిషి గొంతు.

మూడు రోజుల కింద ఆమె ఫకీర్ మియా భార్య హుస్నా బేగం దగ్గరకు పోయినప్పుడు అతను గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. గడ్డలు నాటినవి పదకొండు. పగిలిన కుండల అడుగులు, నూనె డబ్బాలు, చీలిన సిమెంటు తొట్టి ఒకటి. ఈ చుట్టుపక్కల దొరికే నల్లరేగడి కాదు, ఎర్రమట్టి, అందులో మొరం రాళ్లు. ఎక్కడి నుంచి తెప్పించిందో, ఎన్నేళ్లుగా తెప్పిస్తోందో. ఒక్కదానికీ ఆకు లేదు. ఎండిన మట్టిలోంచి నిటారుగా ఒక కాడ, మోకాలెత్తు, దాని చుట్టూ చిన్న చిన్న పూలు. తెల్లనివే, కానీ రేకు నడుమ ఆకుపచ్చ చార. తల దించుకుని ఉన్నాయి. ఆకు లేకుండా, నీళ్లు లేకుండా, ఇంత ఎండలో పూసేది ఏం మొక్క? వాన పడి ఊరంతా పచ్చబడ్డాక దీనికి ఆకులొస్తాయట, పూలేమో అన్నిటికంటే ముందు. అన్నీ తలకిందులు. పిట్టగోడ పక్కనున్న డబ్బాలో మాత్రం కాడ లేదు. మట్టి తవ్వి ఉంది. పిడికిలంత గుంట, దాని అంచున వేళ్ల గుర్తులు, తాజావి. ఆ గుంటను చూస్తూ ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. కిందికి దిగాక వంటింట్లోకి పోతే, గట్టు కింద, ఎప్పుడూ చూడని చిన్న నూరుడు రాయి. కడిగి బోర్లించి ఉంది. ఆ సాయంత్రం నుంచి జావ తాగడం మానేశాడు. ఆమె అటు తిరగగానే లేచి మోరీలో పోసి, ఖాళీ గ్లాసు స్టూలు మీద పెడుతున్నాడు. మూడు రోజులు.

కానీ ఎందుకు? అడుగులు ఆగిపోయాయి పైన. ఎందుకు చేస్తుంది ఇట్లాంటి పని కల్లమ్మ? ఏం తక్కువ చేశాడు తను? పిల్లలు కలగలేదు, తప్పు ఎవరిదని పరీక్షలు చేయించలేదు, ఇంకో పెళ్లి చేసుకోమని మేనత్త ముఖం మీదే చెబితే మేనత్తతో మాట్లాడటం మానేశాడు. తాగడు. చెయ్యెత్తలేదు. హమాలీలకు వండి పెట్టమన్నాడు, అది ఏ గంజి ఇంట్లోనైనా ఉన్నదే. ఇట్లా వెతుక్కుంటూ పోతుంటే చివరికి ఒక తలుపు వస్తుంది. దాని దాకా వచ్చి అతను ప్రతిసారీ పక్కకు తిరుగుతాడు, మందుల సంగతి, షట్టరు తుప్పు సంగతి, ఏదో ఒకటి అందుకుంటాడు. ఇవాళ ఫ్యాను లేదు, అందుకోవడానికి ఏ చప్పుడూ లేదు. సంగయ్య. ముందు ఆ పేరు వచ్చింది. ఆమె పుట్టిన ఊరి మనిషి, నాగల్‌గిద్ద అవతల, గుట్ట కింది పల్లె. పుష్యమాసం, కందులు మార్కెట్లోకి దిగుతున్న రోజులు, రెండు వేల మూడు. సోమవారం. దుకాణం ముందు సైకిలు ఆపి, దిగకుండానే, ఒక కాలు నేల మీద పెట్టి, "కల్లమ్మ అవ్వకు పాణం బాగలేదు, బిడ్డను చూడాలె అంటుంది, ఇయ్యాలనే తోలియ్యు," అన్నాడు. సరే, తల్లి దగ్గరకు పంపుతా అన్నాడు తను. లేచి ఇంట్లోకి వెళ్లాడు కూడా. పెరటి గుమ్మం దాకా వెళ్లాడు.

అక్కడి నుంచి వెనక్కి వచ్చాడు. ముందు అనుకున్నది, కొంచెం సేపయ్యాక చెబుదాం అని. అప్పుడే లారీ వచ్చింది. లోడు అయ్యాక చెబుదాం అనుకున్నాడు, పన్నెండు మంది హమాలీలు, వాళ్లకు అన్నం ఎవరు వండుతారు. సాయంత్రానికి చెబితే రాత్రి బస్సు లేదు, ఊరికే ఏడుస్తుంది, పొద్దున చెబుదాం అనుకున్నాడు. పొద్దున చెబితే నిన్నే ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. మంగళవారం అట్లా పోయింది. ముసలివాళ్లకు పాణం బాగలేకపోవడం కొత్తా, కోలుకుంటారు. బుధవారం మధ్యాహ్నం ఇంకో మనిషి వచ్చాడు, ఈసారి సైకిలు దిగి, తలగుడ్డ తీసి నిలబడ్డాడు. అప్పుడు వెళ్లి చెప్పాడు తను, ఇప్పుడే కబురు వచ్చింది అని. ఇప్పుడే. ఆ ఒక్క మాట. ఆమె కట్టుకున్న చీరతోనే బస్సెక్కింది. వెళ్లేసరికి విభూతి పెట్టి, వాళ్ల ఆచారంలో గుంతలో కూర్చోబెట్టి, మన్ను పోసి ఒక పూట దాటింది. పదకొండు రోజులుండి తిరిగి వచ్చింది. ఒక్కమాట అడగలేదు. ఎప్పుడొచ్చింది కబురు అనలేదు, ఎవరు తెచ్చారు అనలేదు. అడిగి ఉంటే ఏదో చెప్పేవాడు, సిద్ధంగా పెట్టుకున్నాడు కూడా. అడగలేదు. తొమ్మిదేళ్లుగా అడగలేదు. తెలియక అడగలేదా, తెలిసి అడగలేదా? పెరుగు వడ్డిస్తున్నప్పుడు, తువ్వాలు అందిస్తున్నప్పుడు, దవాఖానలో మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నప్పుడు, ఆ ముఖంలోకి చూసి చూసి అతనికి ఎన్నడూ అంతు చిక్కలేదు.

ఆ రోజే, తిరిగి వచ్చిన రోజే, ఆమె కొంగు మూలన ఒక ముడి ఉంది. విప్పితే ఉల్లిగడ్డ లాంటిది, పొరలు పొరలుగా, మట్టి అంటుకుని. ఏందది అంటే, "కాడుళ్ళి, అడివి ఉల్లి. మా గుట్ట మీద ఉంటది. పూలకని తెచ్చిన," అంది. అంతకు మించి అతను పట్టించుకోలేదు. ఒకటి నాలుగయ్యింది, నాలుగు ఏడయ్యాయి. పక్కన పిల్లగడ్డలు పుట్టినప్పుడు విడదీసి నాటేది, వానాకాలం అయ్యాక ఆకులు వాడిపోతే నీళ్లు ఆపేసేది, నీళ్లు పోస్తే కుళ్లిపోతదనేది. నల్ల గింజలు కాగితంలో మడిచి దాచేది. ఆడవాళ్ల సరదా అనుకున్నాడు. పగవాడెవడైనా ఇంత ఓపిక పడతాడా? పడతాడు. ఓపిక లేనివాడు పగవాడే కాదు.

మెట్ల మీద అడుగులు. దిగుతోంది. నీళ్ల చప్పుడు, సబ్బు, మళ్లీ నీళ్లు. వంటింట్లో చెంచా గిన్నెకు తగిలింది. చన్నబసప్ప లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె వచ్చి గ్లాసు స్టూలు మీద పెట్టింది. రోజూ పెట్టి వెళ్లిపోతుంది, ఇవాళ వెళ్లలేదు. ఎదుటి గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"తాగుండ్రి."

"చల్లారనీ."

"చల్లారినంక మోరిల పోస్తరా?"

అతని చూపు మోరీ వైపు పోయింది.

"మూడు దినాలాయె," అంది కల్లమ్మ. గొంతు పెంచలేదు. "మోరి కాడ గట్టిగ పెచ్చు గట్టింది. చీమలు బారు గట్టి తింటున్నయి. ఒక్క చీమన్న సచ్చిందా, చూసిండ్రా?"

"నేనేమన్ననే?"

"మీరేమనలే. ఫకీర్ మియా అన్నది ఇన్న. మెట్ల మీదనే ఉన్న నేను."

గ్లాసులో జావ మీద మీగడ కడుతోంది. అతను దాన్ని చూస్తూ, "పిట్టగోడ కాడి డబ్బల గడ్డ ఏమాయె?" అన్నాడు.

ఆమె ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. "డాబా ఎక్కిండ్రా? మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పలేదా? గంత పరేషాన్ ఉంటే నన్ను అడగొద్దా?" గొంతు తగ్గించి, "హుస్నా బేగం అరికాల్ల ఆనె లేచింది, నడవొస్తలేదు. నూరి కట్టిన. మా అవ్వ గట్లనే కడ్తుండె. గందుకే వేరే రాయి తెచ్చిన, మన రాతి మీద నూరొద్దని. రసం తగిల్తే దురద వెడ్తది, గందుకే చేతులు కడుగుత. నోరు చేదు అంటున్నరు గద, అది గోలీలతోని. ఒకటి మార్పియ్యాలె అన్నడు ఫకీర్ మియా. సోమారం పట్నం పోదామని రేపు చెప్దామనుకున్న."

అంతా చెప్పేసింది. ఒక్కో అనుమానానికీ ఒక్కో జవాబు, ఎక్కడా తడబాటు లేదు. ఇట్లాంటి జవాబులు దొరికితే మనిషి గ్లాసెత్తి తాగాలి, సిగ్గుపడాలి. చన్నబసప్పకు సిగ్గు వేసింది కూడా. అయినా చెయ్యి గ్లాసు మీదకు పోలేదు. లోపల ఇంకేదో మిగిలి ఉంది. అడగకుండా ఉండలేకపోయాడు.

"మరి అప్పుడు ఊరి నుంచి దాన్ని ఎందుకు తెచ్చినవ్?"

"పూలకని చెప్పిన గద."

"పూలకేనా?"

కల్లమ్మ అరచేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. సబ్బుకు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. బయట రోడ్డు మీద కంగ్టి పోయే ఆటోవాడు ఊరి పేరు పెట్టి అరుస్తున్నాడు, ఇద్దరు తక్కువ, ఇద్దరు తక్కువ అని.

"కాదు," అంది.

అతను ఆమె చేతులనే చూస్తున్నాడు.

"నాగల్‌గిద్దల బస్సు ఎక్కినప్పుడు మీ కోసమనే అనుకున్న. మన ఖేడ్ల దిగేవరకు, వద్దు, నా కోసమే అనుకున్న." ఆ మాట ఎంత మామూలుగా అందంటే అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "బియ్యం డబ్బ పక్కకు ఒక ఖాళీ డబ్బ ఉండె. గండ్ల ఏసి పైన అరల వెట్టిన. ఇయ్యాల కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంట ఉన్న. శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. ఒకనాడు డబ్బ మూత పక్కకు జరిగి ఉన్నది. తీసి చూస్తే మొగ్గ. మన్ను లేదు, నీళ్లు లేవు, ఎలుగు లేదు. గా చీకట్లనే కాడ లేసి మూతను నూకింది. సరే, పూవు ఇచ్చుకుంటదేమో చూద్దాం, గప్పటిదాంక ఆగుదాం అనుకున్న. ఇచ్చుకున్నది. విత్తులు వడ్తయేమో చూద్దామనుకున్న. విత్తులు వడ్డయి. విత్తు నుంచి పూవు రావాలంటే ఐదేండ్లు వడ్తదని అవ్వ అంటుండె. ఇగ ఐదేండ్లు ఆగొద్దా?"

పైన పదకొండు డబ్బాలు. ఒకటి ఖాళీ. వాటితో ఆమె లెక్కపెట్టేది తన చావునే అని అతను ఇన్ని రోజులూ అనుకున్నాడు. కింద దుకాణంలో కూర్చుని బస్తాల ముఖాలు చూస్తున్నప్పుడు, నడినెత్తిన ఈ మనిషి ఒక్కో పూవుకూ ఒక్కో వాయిదా వేసుకుంటూ బతికింది. చెప్పాల్సిన మాట గొంతులో తొమ్మిదేళ్లుగా ఉన్నదే, కొత్తగా తయారు చేసుకోవలసిన పని లేదు.

"సంగయ్య సోమారం నాడే చెప్పిండు కల్లమ్మా."

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"నేను పోయిన నాడే. అవ్వ గుంత కాడనే చెప్పిండు. రెండు దినాలు తొవ్వ దిక్కే చూసిందని కూడ చెప్పిండు."

"మరి ఎందుకు అడగలే?"

"అడిగితే అబద్ధం చెప్తుంటిరి. మీ నోట గా అబద్ధం ఇన్నంక ఈ ఇంట్ల ఎట్ల ఉండాలె?"

తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. రెండూ చెయ్యలేదు. తలెత్తి, ఎన్నాళ్లుగానో ఒకే చోట ఆగిపోయిన మనిషి మాదిరిగా అడిగింది.

"సోమారం నాడు సంగయ్య వచ్చిన యాల్లకు నేను ఏం చేస్తున్న?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు.

"అవ్వ అక్కడ నన్ను పిలుస్తుంటే నేనిక్కడ ఏం చేస్తున్న? వండుతున్ననా, పండుకున్ననా? తొమ్మిదేండ్ల సంది యాది చేస్తున్న. మంగళారం యాదికున్నది, బుధారం యాదికున్నది. సోమారం వస్తలేదు. నువ్వు చూసినవా?"

ముప్పై మూడేళ్లలో ఆమె అతన్ని నువ్వు అనడం ఇదే మొదలు. ఆమె గమనించినట్టు లేదు.

చూశాడు. పెరటి గుమ్మం దాకా వెళ్లింది అందుకే, వెనక్కి వచ్చిందీ అందుకే. ఇన్నేళ్లూ ఆ గుమ్మం దగ్గర ఆగిపోయినవాడు ఇప్పుడు అడుగు దాటాడు.

"తలకు పోసుకున్నవ్," అన్నాడు. "ఎండల కూసోని వెంట్రుకలు ఆరవెట్టుకుంటున్నవ్. పచ్చి కందికాయ ఉడకవెట్టినవ్, గిన్నె ఒళ్లె వెట్టుకోని వొలుచుకుంట తింటున్నవ్. పొట్టు కోడి మీదికి ఇసురుతున్నవ్. పాడుతున్నవ్."

"నేనా?"

"నువ్వే. మీ ఊరి పాట, కన్నడంల. మెల్లగ. నీకు పాట వస్తదని గప్పటిదాంక నాకు ఎరుక లేదు. మాటలు సాఫ్ ఇనవడలే. నడుమ నడుమ నీకు నువ్వే నవ్వుకుంటున్నవ్. గా పాట ఆపబుద్ధి కాలే. అయిపోయినంక చెప్దామనుకున్న. గంతల లారీ వచ్చి..."

"లారీ సంగతి వద్దు," అంది కల్లమ్మ.

ఆమె మోకాళ్ల మీద ముందుకు జరిగి మంచం కోడు పట్టుకుంది. అతని ముఖాన్ని పరీక్షగా చూస్తోంది, కళ్లను, పెదవులను. ఇది నిజమా, తన కోసం అప్పటికప్పుడు అల్లుతున్నాడా అన్న చూపు. ఆ చూపు అతనికి తెలుసు. పది రోజులుగా తను ఆమెను చూసింది అట్లాగే.

"నిజంగనా?"

"నిజం. ఒక్కపారి పాట ఆపి గుమ్మం దిక్కు చూసినవ్. ఎవరన్న ఉన్నరేమో అన్నట్టు. నేను తలుపు ఎనుకకు జరిగిన."

ఆ మాటతో ఆమెకు నమ్మకం కలిగింది. కళ్లు నిండాయి, తుడుచుకోలేదు. మంచం కోడు వదలకుండా, అట్లాగే చూస్తూ అడిగింది.

"ఇంకా?"

అతను చెప్పసాగాడు. చీర రంగు, గిన్నె మీద పడిన ఎండ, కోడి అటూ ఇటూ ఉరకడం, ఆమె మళ్లీ పాట ఎత్తుకున్న తీరు. ఒక్కోటి అయిపోగానే ఆమె ఇంకా అంటోంది, అతను ఇంకొకటి వెతుకుతున్నాడు.